నిండు సీసాకు ఖాళీ సీసా ధర

రుక్మాబాయి నోటికి నిజామాబాద్ గంజ్‌లో జడవని మనిషి లేడు. సీసా మూతి దగ్గరి పగులును బొటనవేలితో మూసి అమ్మజూపిన వాడు ఎంత పెద్ద దుకాణందారైనా సరే, నడిబజార్లో నిలబెట్టి దులిపేసేది. "నీ ఏలు తియ్యి బిడ్డా, దాని కింద నీ బుద్ధి కనబడ్తది" అనేది. చుట్టూ ఉన్న నలుగురూ నవ్వేవారు. వాడు వేలు తీసేవాడు.

అంతటి మనిషి ఒక గల్లీకి భయపడింది. పాత మసీదు వెనక, నిండా నూరడుగులు కూడా ఉండని గల్లీ. అరవై ఒకటో సంవత్సరం తర్వాత ఆమె కాలు అందులో పడలేదు. గంప నెత్తిన పెట్టుకొని చుట్టూ తిరిగి పోయేది గానీ అటు మళ్ళేది కాదు. ఎందుకని అడిగితే తిట్టేది. ఊళ్ళో పదిమంది పది రకాలుగా చెప్పుకున్నారు. జరిగింది మాత్రం ఇది.

ఆమెది సీసాల బేరం. పెళ్ళయిన రెండో ఏడే మొగుడు సాయన్న కాలు మీదుగా చెరుకు బండి పోయింది. ఇల్లు ఆమె మీద పడింది. ఆ వాడలో ఆడవాళ్ళంతా బీడీలు చుట్టేవారు. రుక్మాబాయి వారం రోజులు చుట్టి మానేసింది. "ఆకు తీరుగ కత్తిరియ్యాలె, దారం తీరుగ కట్టాలె, సేటు ముంగట తల వంచుకొని కూసోవాలె. మొదటి రెండూ నేర్చుకున్న. మూడోది నాతోని కాదు" అని గంప ఎత్తుకుంది. ఇల్లిల్లూ తిరిగి పాత సీసాలు కొనేది. నాలా ఒడ్డున ఇసుక వేసి తోమేది. చిన్నవి అత్తరు సాయిబుకు, వెడల్పు మూతివి నెయ్యి అమ్మేవాళ్ళకు, తక్కినవి హకీం దవాఖానకు. పన్నెండేళ్ళు తిరిగేసరికి గంజ్ మూలన ఒక కొట్టు పెట్టింది. పైకప్పు గడ్డిదే గానీ కొట్టు తనది.

ఆ బేరంలో ఒక మర్యాద ఉండేది. ఎవరూ రాసిపెట్టలేదు, అందరూ పాటించారు. పెద్ద ఇళ్ళలోని శరాబు సీసాలు, తాగుడువి, ముందు వాకిట్లోంచి రావు. వెనక తలుపులోంచి, పాత దుప్పటిలో చుట్టుకొని వస్తాయి. ఇచ్చేవాళ్ళు "ఖాళీవే" అంటారు. లోపల గలగలమంటున్నా కొనేవాళ్ళు కూడా "ఖాళీవే" అనాలి. ఖాళీ సీసా ధరే ఇవ్వాలి. లోపలిది ఊరవతల పారబోసి ఆ ఇంటి పేరు మరచిపోవాలి. జాగీర్లు పోయి నవాబుల పెద్ద బంగళాలు, దేవిడీలు, ఒక్కొక్కటే ఖాళీ అవుతున్న రోజుల్లో ఈ మర్యాద మీదే రుక్మాబాయి బేరం నడిచింది. ఆమె నోరు ఎంత పెద్దదైనా ఆ నోట్లోంచి ఒక్క ఇంటి పేరూ బయటికి రాలేదు. అది ఆమెకు గర్వం.

ఆ అరవై ఒకటో ఏడు చెరుకు కోతలు మొదలవడానికి రెండు నెలల ముందు అయ్యూబ్ కొట్టుకు వచ్చాడు. ఇతను రెంజల్ వైపు చెరుకు పటేల్ బాపురావు ఇంట్లో వంటవాడు. భార్యాబిడ్డలు మాత్రం నిజామాబాద్‌లో, ఆ మసీదు వెనక గల్లీలోనే.

"రుక్మక్కా, ఫ్రాన్స్ దేశం శరాబు కావాలె" అన్నాడు.

"నా తాన గాసునూనె సీసలున్నయి, తీస్కపో. తాగేటోని మీసాలకు మంచి వాసనొస్తది."

"నవ్వకక్కా, నా నౌకరీ పోతది. చెరుకు మిషన్లు బిగించనీకి ఇద్దరు ఫ్రాన్స్ దొరలొస్తున్నరు. మా పటేల్ ఆళ్ళను దావత్‌కు పిలిచిండు. ఆళ్ళ దేశందే ఆళ్ళ ముంగట పెట్టాలెనంట. హైదరాబాద్ దుకాణంల సీసకు యాభై రూపాయలు అడుగుతున్నరు. గా మాట చెప్తే మా పటేల్ యాభై గజాలు ఎగిరిండు."

"కొత్త సరుకు దొరుకుతలేదా?"

"పాతదే కావాలె."

"పాతదెందుకురా? పొద్దటి కల్లు మాపటికే పులుస్తది. ఏండ్ల కింది దాన్ని తాగి సస్తరా ఏంది?"

అయ్యూబ్ నవ్వి గోనెసంచి మీద కూలబడ్డాడు. అంతకు ముందు పద్నాలుగేళ్ళు అతను హైదరాబాద్‌లో ఒక నవాబు ఇంట్లో ఆబ్దార్. అంటే ఆ ఇంటి మంచినీళ్ళు, షర్బత్, శరాబు అన్నీ అతని చేతిమీదుగానే పోయేవి. "గిది కల్లు కాదక్కా" అన్నాడు. "ద్రాక్ష రసం. ఎండ మంచిగ కొట్టిన ఏటిదైతే ముప్పై ఏండ్లయినా బతుకుతది. కోతల ముంగట వాన పడ్డ ఏటిదైతే పండు నీరు పట్టి తొందరగ సస్తది. సీస మీద ఏడు రాసి ఉంటది. గది సూడాలె."

రుక్మాబాయి చెరుకు పొలాల మధ్య పుట్టిన మనిషి. నరికే ముందు వాన పడితే చెరుకు బరువు తూగుతుంది గానీ తీపి తూగదని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"ఏ ఏండ్లు మంచివి?"

"ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది. అటెన్క ముప్పై, ముప్పై ఒకటి ముట్టకు. నలభై ఐదు, నలభై ఏడు, నలభై తొమ్మిది దొరికితే నీ నోట్ల చక్కెర పోస్త."

"తోట పేరు సూడొద్దా?"

"పేరు సూస్తే మా పటేల్ పైసలు సాలవు. పెద్ద తోటైతే సగం ధర పేరుకే పోతది. మంచి ఏడైతే చిన్న తోటది గూడ మంచిగుంటది."

"మంచి ఏడు కాలువ చివరి మడి చెరుకు గూడ తియ్యగుంటది. గంతే కదా?"

"గంతే! నువ్వు నాకు ఉస్తాద్‌వి పో."

బడికి ఆమె వెళ్ళింది మూడు నెలలు. ఆ పూట అయ్యూబ్ బండ మీద బొగ్గుతో అంకెలు రాసి చూపించాడు. మధ్యాహ్నానికల్లా నేర్చేసుకుంది. సీసాను ఎండకెత్తి చూడాలి, రసం మెడ దాకా ఉండాలి, భుజం కిందికి దిగితే వదిలెయ్యాలి. బిరడా తడిసి కారి ఉండకూడదు. అడుగున మడ్డి ఉంటే భయపడనక్కర్లేదు, కదిలించకుండా తేవాలి. మీద అంటించిన కాగితం ఏదైనా సరే పీకకూడదు. "కాగితం చిరిగితే ధర చిరుగుతది" అన్నాడు.

రెండు నెలలు వెతికింది. ఒక ఇంటి సామాను వేలం వేసే హర్రాజులో బంగారు రంగు అక్షరాల సీసాలు ఆరు దొరికాయి. అందరూ ఎగబడ్డారు. ఆమె వంగి చూసి, "ముప్పై ఒకటి. వాన పడ్డ ఏడు. మీరే తీస్కోండ్రి" అని లేచి వచ్చింది. పక్కనున్నవాడు నోరు తెరిచాడు. ఆ నోరు తెరవడం చూసి ఆమె వారం రోజులు సంతోషపడింది.

అప్పుడు మెహరున్నిసా బేగం కబురు పెట్టింది.

అరవై దాటినా ఆమెను అందరూ దుల్హన్ పాషా అనే పిలిచేవారు, కోడలై వచ్చిననాటి పిలుపు అది. భర్త పోయాడు, చిన్న జాగీరు ఉంటే అదీ పోయింది. మిగిలింది మసీదు వెనక గల్లీలో సగం కూలిన దేవిడీ. గల్లీలోని ఆడపిల్లలు పదకొండు మందికి ఆమె ఖురాన్ చదవడం నేర్పేది. ఆ ఇళ్ళ నుంచి వచ్చే బియ్యం, పప్పు, పండగకు ఒక జత బట్టలు, వాటితోనే ఆమె పొయ్యి మండేది. ఒక గది కిరాయికి ఇద్దామని తెరిపిస్తే మూలన ఇసుకలో పడుకోబెట్టిన సీసాలు ఇరవై రెండు బయటపడ్డాయి.

పరదా వెనక నుంచి బేగం, ఉర్దూ కలిసిన తెలుగులో, మెల్లగా మాట్లాడింది. "రుక్మాబాయ్, ఇవి ఖాళీవి కావు."

రుక్మాబాయి ఉలిక్కిపడింది. ఆ మాట ఆ బేరంలో ఎవరూ అనరు.

"నిండే ఉన్నయి. నేను అబద్ధమెందుకు చెప్పాలె? వేటకొచ్చే అంగ్రేజుల కోసం మా సాహెబ్ పెట్టిండ్రట. నాకు ఇయ్యాల్నే తెలిసింది. మా మోరీల పోయలేను, నమాజుకు ముందు వజూ చేసుకున్న నీళ్ళు పోయే మోరీ అది. నువ్వు తీస్కపోయి ఊరవతల పోసెయ్యి. సీసలు నీవి. ఖాళీ సీసలకు ఎంతిస్తవో గంతే ఇయ్యి."

"పోసేస్త పాషా. నా మొగని మీద ఒట్టు."

"ఒట్టెందుకు? నువ్వు చెప్పినవు. చాలు."

ఆ గడప దాటేటప్పుడు రుక్మాబాయి పోసెయ్యాలనే అనుకుంది. ఈ సంగతి ఆమె తర్వాత తనకు తాను చాలాసార్లు చెప్పుకుంది. కొట్టుకు చేరి మొదటి సీసా మీది ఇసుక తుడిచేదాకా ఆమె మంచి మనిషే. తుడిచాక ఇరవై తొమ్మిది కనబడింది. ఎండకెత్తింది. రసం మెడ దాకా నిలిచి, దానిమ్మ గింజ రంగులో మెరిసింది. రెండోదీ అంతే. పద్నాలుగు సీసాలు మంచి ఏళ్ళవి. తక్కిన ఎనిమిదీ ముప్పై, ముప్పై ఒకటి ఏళ్ళవి.

పోసేస్తే చీమల పాలు అనుకుంది. ఆమెకు తెలిసేదెట్లా అనుకుంది. పైకప్పు గడ్డి తీసి రేకులు వేయించొచ్చు అనుకుంది. ఆ ఎనిమిది సీసాలనూ మాత్రం నాలా ఒడ్డుకు మోసుకుపోయి, నలుగురూ చూస్తుండగా పోసింది. మాటలో సగం నిలబెట్టుకున్నానని మనసుకు చెప్పుకుంది. సగం కుట్టిన రవికె గూట్లో ఉన్నంతసేపూ రవికెలాగే కనబడుతుంది.

ప్రతి సీసా కడుపు మీదా ఒక చీటీ అంటించి ఉంది. ఉర్దూలో చేతిరాత. ఆమెకు ఉర్దూ రాదు. గంజ్‌లో ఏ గుమాస్తాను అడిగినా చదివి పెట్టేవాడు. అడిగితే తనకు చదువు రాదని తన నోటితో చెప్పుకున్నట్టు. ఊరికంతా తెలిసిన సంగతే, అయినా ఆమె చెప్పదు. అడగలేదు. కాగితం పీకొద్దన్నాడు కదా అని పీకలేదు.

అయ్యూబ్ వచ్చి ఒక సీసా తిప్పి చూశాడు. చీటీ మీద అతని కళ్ళు కాసేపు ఆగాయి.

"ఎక్కడియి?" అన్నాడు.

"హైదరాబాద్ నుంచి వచ్చిన సరుకు."

"సరే" అన్నాడు. సీసాకు పదిహేను చొప్పున ఇచ్చి, అన్నింటినీ గడ్డిలో పెట్టి తీసుకుపోయాడు. ఆ రోజు ఉస్తాద్ అనలేదు.

దావత్ అయిన నాలుగో నాడు బాపురావు పటేల్ బెల్లం బేరానికి గంజ్‌కు వచ్చాడు. చాయ్ హోటల్ ముందు బల్ల మీద కూర్చొని పదిమందికి వినిపించేలా చెప్పాడు. సీసాల గంపతో రుక్మాబాయి రెండడుగుల దూరంలో ఉంది.

"గా ఫ్రాన్స్ దొర గుటకేసి కండ్లు మూసుకున్నడు. గింత మంచిది మా ఊర్ల గూడ దొరకది, నీకెట్ల దొరికింది అన్నడు. నేను సీస తిప్పి సదివిన. మనం సదివిందంత ఉర్దూల్నే కదా! దేవిడీ పేరు, మెహమానుల కోసం అని రాసి ఉన్నది. అరె భాయ్, మెహరున్నిసా బేగం ఇంటిది! పొద్దుగాల పోరిలకు ఖురాన్ చెప్తది, ఎన్క తలుపుల కెళ్ళి శరాబు అమ్ముతది!"

హోటల్ హోటలంతా నవ్వింది. ఒకడు లేచి, ఛీ అని ఉమ్మేసి వచ్చాడు.

ఒక్క మాట చాలు. "ఆమె పోసెయ్యమన్నది పటేలా, అమ్ముకున్నది నేను" అంటే అక్కడితో అయిపోయేది. అంతకన్నా పెద్ద మాటలు పెద్ద మనుషుల మొహాన అన్న నోరు అది. ఆ పూట తెరుచుకోలేదు. ఆ డబ్బుతో కొట్టు మీద వేయించిన కొత్త రేకులు గుర్తొచ్చాయి. మాట తప్పిందంటే ఇంక ఏ దేవిడీ తలుపూ తెరుచుకోదని గుర్తొచ్చింది. గంప సర్దుకొని, ఏదో పని మీద పోతున్నట్టు నడిచి వచ్చేసింది.

వారం తిరిగేసరికి పదకొండు మంది పిల్లలు ఏడుగురయ్యారు. పదిహేను రోజులకు ఇద్దరు. రుక్మాబాయి ఏదో వంకతో ఆ గల్లీలో పోయి లెక్కపెట్టుకొచ్చేది. పరదా వెనక బేగం గొంతు ఇద్దరికీ, పదకొండు మందికి చెప్పినంత గట్టిగానే చెబుతోంది. రెండు పూటలా లేచే పొగ ఒక పూటే లేస్తోంది.

ఇంట్లో సాయన్న గమనించాడు. "ఏమే, జరం గిట్ల వచ్చిందా? మూడు రోజులసంది ఎవ్వన్నీ తిట్టలే."

ఆమె అంతా చెప్పింది. అతను బీడీ ఆర్పి పక్కన పెట్టాడు. "పోయి చెప్పరాదు?"

"చెప్తే బేరం పోతది."

"పోతే పోతది. నాకు కాలే పోయింది. సచ్చిన్నా?"

మర్నాడు పొద్దున్నే ఆ దేవిడీకి పోయింది. ఈసారి బేగం పరదా తీసి లోపలికి రమ్మంది. రుక్మాబాయి గడప దగ్గరే నిలబడి, కళ్ళు నేలకు దించి, ఏడు మాటల్లో చెప్పేసింది.

"నాకు తెలుసు" అంది బేగం. "సీసలు నీకొక్కదానికే ఇచ్చిన. ఇంకెవ్వరికియ్యలేదు. మరి తెల్వదా?"

"మరి ఎవ్వరికీ చెప్పలేదేంది పాషా? నా పేరు చెప్తే నీ పేరు నిలుస్తుండె."

"నేను చెప్తే చాడీ. నువ్వు చెప్తే నిజం. నువ్వొస్తవని సూసిన."

ఇరవై రోజులు చూసిందన్నమాట.

"ఎంతకమ్మినవు?"

"పదిహేను. ఒక్కొక్కటి."

"అంత ధర ఉంటదని సీసలు తీస్కపోయినప్పుడే తెలుసా?"

"ఏ ఏడు మంచిదో తెలుసు. తుడిచినంక... తెలిసింది."

"వచ్చి నాకు చెప్పాల్సింది" అంది బేగం. "అప్పుడు గూడ నేను పోసెయ్యమనే అందును. కానీ ఇంట్ల గింజలు లేనప్పుడు, గంత ధర పలుకుతదని తెలిసి వద్దనుడు వేరే. తెల్వక వద్దనుడు వేరే. గా వద్దనేది నాది ఉండె రుక్మాబాయ్. సీసలతోని గది గూడ తీస్కపోయినవు."

బేగం తిట్టి ఉంటే బాగుండేది. "పాఠం యాళ్ళయింది" అని ఆమె లేచింది. రుక్మాబాయి బయటికి వచ్చింది.

పిల్లలను మానిపించిన ఇళ్ళు తొమ్మిది. రోజూ "సీసలు, పాత సీసలు" అని అరిచే గుమ్మాలే. ఆ రోజు గంప లేకుండా నిలబడితే ఎవరూ గుర్తుపట్టనట్టు చూశారు.

"మీ బిడ్డను మళ్ళ పంపుండ్రమ్మా. పాషా అమ్మలేదు. పోసెయ్యమని నా చేతికిచ్చింది. నేను అమ్ముకున్న."

మొదటి ఇంటామె తలుపు వేసి, మళ్ళీ తీసి, "ఎంతకు?" అంది. చెప్పింది. రెండో ఇంట్లోనూ అదే అడిగారు. ప్రతి గడపలోనూ ఆ పదిహేను చెప్పాల్సి వచ్చింది. నాలుగో ఇంట్లో ఒక ముసలామె పాన్ ఉమ్మి ఆమె కాళ్ళ ముందు పడేలా ఊసింది. ఆరో ఇంట్లో చాయ్ ఇచ్చి కూర్చోబెట్టి, కథ మొదటి నుంచి చెప్పమన్నారు. పాన్ ఉమ్మికన్నా ఆ చాయ్ మింగడం కష్టమైంది. పెద్ద ఇళ్ళ వెనక తలుపులు తనకు ఇక తెరుచుకోవని ఆమెకు ఆ గుమ్మాల్లో నిలబడి ఉండగానే తెలుసు. తెరుచుకోలేదు కూడా. ఆ తర్వాత పదేళ్ళకు పైగా ఆమె కొన్నవి గాసునూనె డబ్బాలూ, సోడా సీసాలే. మొదటి ఎనిమిది ఇళ్ళలో ఐదుగురు పిల్లలను మళ్ళీ పంపారు. ముగ్గురు పంపలేదు.

తొమ్మిదో ఇల్లు అయ్యూబ్‌ది.

శుక్రవారం కావడంతో అతను ఇంట్లోనే ఉన్నాడు. లోపల నేల మీద పరచిన దస్తర్‌ఖాన్ గుడ్డ ముందు కూర్చొని అన్నం తింటున్నాడు. గడప మీద అతని కూతురు హుస్నా, ఎనిమిదేళ్ళది, గచ్చకాయలు ఆడుకుంటోంది. అయ్యూబ్ భార్య బిల్కిస్ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. రుక్మాబాయి చెప్పాల్సింది చెప్పింది.

"యా అల్లా!" అంది బిల్కిస్. "మా ఆయనే అన్నడు, గా ఇంటికి పంపకు, మన పేరు గూడ పాడైతదని. లేకుంటె నేనెందుకు మాన్పిస్త? పాషా మా అమ్మసొంటిది. గట్లాంటిదాని మీద ఏసిండ్రే! ఎవడు కొన్నడో వాడు పురుగులు పడి పోను!"

లోపల అయ్యూబ్ చేయి పళ్ళెంలోనే ఆగిపోయింది. తల ఎత్తలేదు.

రుక్మాబాయి అతన్ని చూసింది. చీటీ చదివింది అతను. దేవిడీ పేరు తెలిసి కొన్నది అతను. తెలిసీ తన బిడ్డను మానిపించింది అతను. ఆమె నాలుక మీదికి మాట వచ్చింది, మంచి పదునైన మాట, జన్మలో మళ్ళీ దొరకనంత మంచిది. బిల్కిస్ చెవిన పడితే ఆ ఇంట్లో వారం రోజులు పొయ్యి వెలగదు.

ఆ సీసా అతని చేతికి పోయింది తన చేతిలోంచే. ఆ మాట అనాలంటే వేరే నోరు కావాలి. రుక్మాబాయి మాటను మింగింది.

"కూసోండ్రి, నీళ్ళు తాగుతరా?" అంది బిల్కిస్.

"వద్దమ్మా."

అయ్యూబ్ లేచాడు. సగం అన్నం పళ్ళెంలోనే ఉంది. చేయి కడుక్కొని, గోడ అలమరాలో గుడ్డ చుట్టి పెట్టిన, ఖురాన్ అక్షరాలు నేర్చుకునే ఖాయిదా పుస్తకం తీసి కూతురి చేతిలో పెట్టాడు.

"పో బేటీ" అన్నాడు. "పాషా తానికి పో. ఆలస్యమైంది."

హుస్నా గచ్చకాయలు ఒళ్ళో వేసుకొని తండ్రినీ, రుక్మాబాయినీ మార్చి మార్చి చూసింది. ఇద్దరూ ఆమెనే చూస్తున్నారు, ఒకరినొకరు చూసుకోకుండా ఉండడానికి. పిల్ల తలమీద ఓణీ సర్దుకొని గడప దిగింది. రుక్మాబాయి పక్కకు తప్పుకొని దారి ఇచ్చింది.